చోటు మారితే బిడ్డ ఎందుకు తినదు?
ఆటిజం ఉన్న చిన్నపిల్లల భోజనం: ఇల్లు, బడి, విందు

ఇంట్లో పెరుగన్నం కడుపునిండా తినే బిడ్డ, పెళ్ళిపందిట్లో అదే పెరుగన్నాన్ని నోట పెట్టకపోవచ్చు. చూసినవారు దానిని మొండితనమనో, తల్లి చేసిన గారాబమనో అనుకుంటారు. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో ఆ మాట సరికాదు. 1943లో అమెరికాలో డాక్టర్ లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ రాసిన తొలి వ్యాసంలోనే ఆహారం దగ్గర వారి ఇబ్బందులు కనిపిస్తాయి. వాసన, రంగు, మెత్తదనం, వేడి, చుట్టూ ఉన్న చప్పుడు ఈ పిల్లలలో చాలామందికి తీవ్రంగా తగులుతాయి. అన్నం ఒకటే అయినా, చోటు మారితే అది వారికి కొత్త అన్నమే.

ఇంట్లో

వేళ, చోటు, కంచం మార్చకుండా ఉంచడం మేలు. కొత్త వంటకాన్ని అలవాటైన దాని పక్కన గోరంత మాత్రమే పెట్టాలి. ముట్టుకున్నా, వాసన చూసినా అది ముందడుగే. ఇష్టమైన అన్నంలో కొత్తది దాచి కలిపితే, బిడ్డ ఆ అన్నాన్ని కూడా మానివేసే ప్రమాదమున్నది.

బడిలో

2022 సెప్టెంబరు 15న మదురైలో ప్రారంభమైన ముఖ్యమంత్రి అల్పాహార పథకం, 2023 ఆగస్టు 25న రాష్ట్రమంతటి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు విస్తరించింది. ఉప్మా, కిచిడీ, పొంగలి వంటివి సాంబారుతో వడ్డిస్తారు. సాంబారు పైన పోస్తే కొందరు పిల్లలు ముట్టరు. విడిగా వడ్డించమని ఉపాధ్యాయులను కోరవచ్చు.

రాజపాళయంలోని తెలుగు కుటుంబాలకు మరొక చిక్కున్నది. ఇంట్లో ‘పెరుగన్నం’, బడిలో ‘తయిర్ సాదం’. మాటలు తక్కువగా ఉన్న బిడ్డ ‘నీళ్ళు’ అంటే ఆయమ్మకు అర్థం కాకపోవచ్చు. బిడ్డ వాడే పది మాటలను తమిళ అర్థాలతోను, బొమ్మలతోను ఒక అట్టమీద రాసి బడికి పంపడం మంచిది.

విందులో

మేళం, మైకు, బంతిలో కొత్త ముఖాలు, అరటి ఆకుపై ఒకదానికొకటి తగిలే పదార్థాలు: ఇవన్నీ ఒక్కసారిగా మీదపడతాయి. బయలుదేరే ముందే ఇంట్లో తినిపించి, అలవాటైన కంచం వెంట తీసుకువెళ్ళి, బంతి చివర కూర్చోబెట్టాలి. బంధువులు “ఇంకొక ముద్ద” అని బలవంతపెట్టరాదు. మాటపడలేక విందులకే వెళ్ళడం మానుకున్న ఇంట్లో, బిడ్డకు నలుగురితో కలిసే అవకాశమే పోతుంది.

వైద్యుని ఎప్పుడు చూడాలి?

బరువు తగ్గినా, తినే పదార్థాలు ఒక్కొక్కటిగా తగ్గిపోతున్నా, మింగేటప్పుడు తరచు పొలమారినా, మలబద్ధకం వదలకున్నా, మన్ను, సుద్ద వంటివి తింటున్నా ఆలస్యం చేయరాదు. సలహా లేకుండా పాలు, గోధుమ వంటివి మాన్పించరాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పిల్లలకు ఉచితంగా ఆరోగ్య పరీక్షలు జరుగుతాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. దానికి ధ్రువీకరణ పత్రం పొందవచ్చు. వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు, బిడ్డ వారం రోజులలో ఎక్కడ, ఏమి, ఎంత తిన్నదో రాసి తీసుకువెళ్ళాలి.