కంటికి కనిపించని బేరం

కొనేవారికి సరుకును చేతితో తాకి చూసే వీలు లేదు. అమ్మేవారికి డబ్బు ముందుగా లెక్కపెట్టుకొనే వీలు లేదు. ఇరువురూ ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు. అయినప్పటికీ బేరం కుదరవలసి ఉన్నది. ఆన్‌లైన్ వ్యాపారమని నేడు వ్యవహరింపబడుతున్న విధానంలోని మూల సమస్య ఇదే. ఇది సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. ఈ దేశంలో దీని చరిత్ర దాదాపు ఒకటిన్నర శతాబ్దాల నాటిది.

1877లో భారత తపాలా శాఖ వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టినది. అమ్మకందారు పార్సెలును తపాలా కార్యాలయంలో ఇస్తాడు. పోస్టుమన్ దానిని కొనుగోలుదారు గడపకు చేర్చి, సొమ్ము వసూలు చేసుకొని, సరుకు అప్పగిస్తాడు. ఆ సొమ్ము తిరిగి అమ్మకందారుకు చేరుతుంది. పరస్పరం ఎరుగని ఇద్దరి మధ్య, ఇద్దరూ ఎరిగిన మూడవ వ్యక్తిగా తపాలా బంట్రోతు నిలిచాడు. 1880లో మనియార్డరు సౌకర్యం దీనికి తోడైనది. పుస్తకాలు, ఔషధాలు, గడియారాలు ఈ మార్గాన మారుమూల గ్రామాలకు చేరినవి. పాత తెలుగు పత్రికలలోనూ పంచాంగాలలోనూ వెలువడిన ప్రకటనలను తిరగవేసినవారికి, వాటి అడుగున వి.పి.పి. ప్రస్తావన ఎంత మామూలు విషయమో తెలుస్తుంది.

1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడు అమలులోకి వచ్చినది. ఒకే పేరుగల ఊళ్లు పలు జిల్లాలలో ఉండటం, చిరునామాలు పలు భాషలలో, పలు లిపులలో రాయబడటం వల్ల ఉత్తరాల బట్వాడాలో కలిగే చిక్కులను తొలగించడానికి ఏర్పడిన ఆ అంకెలనే నేడు ప్రతి ఆన్‌లైన్ వ్యాపార సంస్థా మొట్టమొదట అడుగుతున్నది. ఉత్తరాల కోసం వేసిన బాట మీద చీరలు, చెప్పులు, మందులు నడుస్తున్నవన్నమాట. 2007లో బెంగుళూరులో పుస్తకాల అమ్మకంతో ఆరంభమైన ఫ్లిప్‌కార్ట్ సంస్థ 2010లో, సరుకు చేరిన తరువాతనే నగదు చెల్లించే పద్ధతిని చేపట్టినది. అది పెద్ద మలుపుగా చెప్పబడినది కాని, వి.పి.పి. ఎరిగిన పెద్దలకు అందులో ఆశ్చర్యపడవలసినదేమీ కనిపించి ఉండదు. 2016లో యు.పి.ఐ. చెల్లింపుల విధానం రావడంతో సొమ్ము చేరే వేగం మారినది. నమ్మకం అనే సమస్య మాత్రం అక్కడే ఉన్నది.

ఈ సమస్య ఒక చిన్న ఉత్పత్తిదారును ఏ విధంగా తాకుతుందో గ్రహించడానికి యాదాద్రి భువనగిరి జిల్లాలోని పోచంపల్లి చీర మంచి ఉదాహరణ. 1951లో వినోబా భావే భూదానోద్యమానికి నాంది పలికిన ఊరు కావడం వల్ల అది భూదాన్ పోచంపల్లి అయినది. ఇక్కత్ నేతవల్ల దేశమంతటా పేరు పొందినది. ఇక్కత్‌లో గుడ్డ నేసిన తరువాత రంగు వేయడం ఉండదు. నేయబోయే నూలునే నమూనా ప్రకారం అక్కడక్కడ బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. మరొక రంగు కావలసినచోట కట్లు విప్పి, వేరొకచోట కట్టి, మళ్లీ ముంచుతారు. ఆ తరువాతనే నూలు మగ్గమెక్కుతుంది. పడుగులోని రంగు, పేకలోని రంగు అనుకొన్న చోట కలిస్తేనే పువ్వు పువ్వుగా కనిపిస్తుంది. నూలును ఆసు పోయడానికే ఒక్కొక్క చీరకు ఇంటి స్త్రీలు వేలసార్లు చేయి ఆడించవలసి వచ్చేది. ఆ శ్రమను చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

ఇంత శ్రమతో తయారైన చీరకు రెండు గుర్తులు ఉంటాయి. నూలుకే రంగు పట్టినందువల్ల గుడ్డకు ముందువైపు, వెనుకవైపు అన్న భేదం దాదాపు కనిపించదు. బొమ్మల అంచులు గీత గీసినట్లు ఉండక, కొద్దిగా చెదరినట్లు, ఈకల కొసలవలె ఉంటాయి. మరమగ్గం గుడ్డ మీద అదే నమూనాను అచ్చు వేసినచో అంచులు పదునుగా తేలుతాయి. వెనుకవైపు రంగు సాధారణంగా వెలిసినట్లు ఉంటుంది. దుకాణంలో కొనేవారు చెంగును తిప్పి చూడగానే నిజం తెలిసిపోతుంది. ఫోను తెరమీద తిప్పి చూడటానికి చెంగు లేదు. అక్కడ ముందువైపు ఛాయాచిత్రం మాత్రమే ఉన్నది. నేత చీర మూడువేల రూపాయలకు, అచ్చు చీర ఆరువందలకు పక్కపక్కన కనిపించినప్పుడు, రెండూ ఒకే రకమనీ మొదటి అమ్మకందారు అన్యాయపు ధర చెబుతున్నాడనీ కొనుగోలుదారు భావించడంలో ఆయన తప్పేమీ లేదు. దుకాణంలో అసలుకూ నకలుకూ మధ్య గల దూరాన్ని ఛాయాచిత్రం చెరిపివేసినది.

చట్టాల అండ లేకపోలేదు. సరుకుల భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి, 2003 సెప్టెంబరు నుండి అమలయినది; ఆ గుర్తింపును తొలి సంవత్సరాలలోనే పొందినవాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే ప్రత్యేకించిన చట్టం 1985 నాటిది. ప్రస్తుతం 11 రకాలు దాని పరిధిలో ఉన్నవి. 2006లో చేనేత ముద్ర వచ్చినది. అయితే వేలకొలది ఛాయాచిత్రాల మధ్య నకిలీని వెదకి పట్టుకొనే తీరిక మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి ఎక్కడిది? అందువల్ల ఆయన చేతిలో ఉన్న మొదటి సాధనం వేరు: గుడ్డ వెనుకవైపు తీసిన చిత్రం. ఆ తరువాత, మగ్గం మీద ఉన్న అదే చీర చిత్రం. పొడవు, రవిక గుడ్డ ఉన్నదీ లేనిదీ, నూలా పట్టా అన్నది, ఉతికే పద్ధతి, ఎండలో తీసిన చిత్రానికీ నీడలో తీసిన చిత్రానికీ రంగులో వచ్చే తేడా. ఈ వివరాలు లేనిచోట కొనుగోలుదారు ప్రశ్న అడగడు, చీర తిప్పి పంపుతాడు.

తిరిగి వచ్చే చీర ఖరీదు ఎంతో చాలామంది ముందుగా లెక్కించరు. అమ్మకాలు పెరుగుతున్నకొద్దీ చేతిలో డబ్బు ఎందుకు తరిగిపోతున్నదో అర్థంకాక కొత్త వ్యాపారులు తికమకపడటానికి కారణం తరచుగా ఇదే. కేవలం లెక్క తెలియడానికి కొన్ని అంకెలు అనుకోవచ్చు. చీర వెల 3,000 రూపాయలు. నూలు, రంగులు, కూలి కలిపి 2,100. అమ్మకపు వేదిక రుసుము నూటికి 15 చొప్పున 450, రవాణా 120, పెట్టె 40. పన్నులను పక్కన పెట్టినా మిగిలేది 290 రూపాయలు. పది చీరలు పంపగా ఎనిమిది నిలిచినవనుకొంటే వాటిమీద మిగులు 2,320. తిరిగి వచ్చిన రెండింటికి రుసుము పడకపోయినా, పోను ఖర్చు 120, రాను ఖర్చు 150, పెట్టె 40 చొప్పున 620 పోయినది. మిగిలినది 1,700. ఆ రెండింటిలో ఒకటి మడత నలిగి, మరకపడి అమ్మకానికి పనికిరాదనుకొంటే దానిమీద పెట్టిన 2,100 కూడా పోయినట్లే. ఎనిమిది చీరలు అమ్మిన ఇంటికి చివరకు 400 రూపాయల నష్టం. ఈ అంకెలు వేదికనుబట్టి, సరుకునుబట్టి మారుతాయి. లెక్క వేసే తీరు మారదు.

పైగా సొమ్ము వెంటనే చేతికి రాదు. సరుకు తిప్పి పంపే గడువు తీరిన తరువాతనే వేదికలు సాధారణంగా చెల్లిస్తాయి. నూలు వ్యాపారి మాత్రం అంతవరకు ఆగడు. ఈ ఎడాన్ని పూడ్చేది నిర్వహణ మూలధనం. చిన్న సంస్థలు మూతపడటానికి సరుకు బాగుండకపోవడం కన్న ఈ ఎడమే ఎక్కువ కారణమవుతుందనడం సాహసం కాదు. 2015లో మొదలైన ముద్రా పథకం క్రింద 50,000 రూపాయల వరకు ఇచ్చే శిశు రుణం ఇటువంటి అవసరానికి తగినది. సూక్ష్మ, చిన్న సంస్థల నుండి సరుకు టోకుగా కొన్నవారు 45 దినాలకు మించి బకాయి పెట్టరాదని 2006 నాటి చట్టం చెబుతున్నది. 2020 జూలై 1 నుండి అమలులో ఉన్న ఉద్యం నమోదు ఉన్నవారు ఈ హక్కును సులభంగా కోరగలుగుతారు. ఆ నమోదుకు రుసుము లేదు. రుసుము అడిగే మధ్యవర్తులకు కొదవ కూడా లేదు.

పన్నుల విషయంలో ఒక చిత్రమైన సరిహద్దు ఉన్నది. వేదికల ద్వారా సరుకులు అమ్మేవారు వ్యాపారం ఎంత చిన్నదైనా జి.ఎస్.టి. నమోదు చేసుకొని తీరాలన్న నియమం 2023 అక్టోబరు 1 నుండి సడలింపబడినది. కాని ఆ సడలింపు తమ రాష్ట్రంలోపల అమ్మేవారికే వర్తిస్తుంది. నమోదు లేని పోచంపల్లి నేతగాడు వేదిక ద్వారా వరంగల్లుకు చీర పంపవచ్చు; విజయవాడకు పంపరాదు. దేశమంతా ఒకే విపణి కావాలన్న ఆశయంతో 2017లో వచ్చిన పన్ను విధానంలో, అందరికన్న చిన్నవాడికి మాత్రమే రాష్ట్రపు పొలిమేర ఇంకా కనిపిస్తున్నది. అందువల్ల ఇతర రాష్ట్రాలలో కొనుగోలుదారులను ఆశించేవారు, అమ్మకం ఎంత తక్కువైనా, మొదటనే నమోదు చేసుకోవడం మంచిది.

కొనుగోలుదారుల పక్షాన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, 2020 నాటి ఎలక్ట్రానిక్ వ్యాపార నియమాలు ఉన్నవి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయాలి, నెలలోపల పరిష్కరించాలి. వర్ణించిన విధంగా లేని సరుకును వెనుకకు తీసుకోవడానికి నిరాకరించరాదు. అమ్మకందారే కొనుగోలుదారు వేషంలో తన సరుకును పొగడుకోరాదు. కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే వ్యాజ్యం వేయవచ్చు కనుక, పోచంపల్లిలో అమ్మిన చీరకు గౌహతిలో సమాధానం చెప్పవలసి రావచ్చు. ఇది చిన్న వ్యాపారికి భారమే. కాని ఆ హక్కు లేనినాడు గౌహతిలోని గృహిణి ముక్కూ మొగమూ ఎరుగని ఊరికి డబ్బు పంపి ఉండేది కాదు.

ఇక్కత్ ఒక్క తెలంగాణ సొత్తు కాదు. గుజరాత్‌లోని పాటన్‌లో అది పటోలా, ఒడిశాలో బంధ. మూడు ప్రాంతాలవారి రంగులు వేరు, నమూనాలు వేరు, భాషలు వేరు. తెరమీద వారిని దెబ్బతీస్తున్న అచ్చు చీర మాత్రం ఒక్కటే. 2021 డిసెంబరులో ఏర్పడిన ఓ.ఎన్.డి.సి. సంస్థ ఈ చిన్న ఉత్పత్తిదారులకు కొంత ఆశ కల్పించినది. ఒక కంపెనీ టెలిఫోను ఉన్నవారు మరొక కంపెనీ టెలిఫోనుకు మాట్లాడగలిగినట్లు, ఒక అమ్మకపు వేదికలో చేరినవారి సరుకు వేరొక కొనుగోలు వేదికలో వెదికేవారికీ కనిపించాలన్నది దాని ఉద్దేశం. ఒకే పెద్ద సంస్థ దయమీద ఆధారపడవలసిన అగత్యం ఇందువల్ల తగ్గవచ్చు. కాని సరుకు ఎక్కడ కనిపించినా అది ఛాయాచిత్రంగానే కనిపిస్తుంది.

విదేశాలలోని తెలుగువారికి పంపదలచినవారికి పాత తపాలా కార్యాలయమే మళ్లీ అక్కరకు వస్తున్నది. తపాలా శాఖ 2022 నుండి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలను నెలకొల్పుతున్నది. ఎగుమతి పత్రాన్ని కంప్యూటరు మీద ముందుగానే నింపి, పార్సెలును అక్కడ అప్పగించవచ్చు. ఆ పత్రంలో సరుకు వర్ణనకు ఒక గడి ఉన్నది. చీర అని మాత్రమే రాయడంతో సరిపెట్టక, చేతిమగ్గంపై నేసినదనీ, నూలుకు ముందుగా రంగు అద్దినదనీ, అది నూలో పట్టో కూడా ఆ గడిలో రాయవలసి ఉంటుంది.