పొదుపుగా ఆటల కంప్యూటరు

మంచమున్నంతవఱకే కాళ్లు చాపుకొనవలెనని పెద్దల మాట. మొదటిసారి ఆటల కంప్యూటరును కూర్చుకొనదలచిన బాలబాలికలకు ఈ మాట మిక్కిలి వర్తించును. హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్ట వంటి పేటలలో చిన్న వ్యాపారముల మీదను, దినకూలి మీదను బ్రదుకు కుటుంబములు పెక్కు. అట్టి యింట 50,000 రూపాయలు అల్పమైన సొమ్ము కాదు. అది ఇంటివారు తమ కోరికలను చంపుకొని కూడబెట్టిన ధనము. దానిని వెచ్చించుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు.

మొట్టమొదట నిశ్చయింపవలసినది ఆట, యంత్రము తరువాత. వాలొరెంట్ వంటి ఆట సామాన్య యంత్రముపైనను నడచును. సైబర్‌పంక్ 2077 వంటిది బలమైన గ్రాఫిక్స్ కార్డును కోరును. పిదప మానిటరును గూర్చి యోచింపవలెను. 1920 × 1080 తెరపై 20,73,600 చుక్కలుండును. సెకనుకు 60 బొమ్మలు గీయవలెనన్న, కార్డు 12,44,16,000 చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. 4కె తెర యైనచో ఈ పని నాలుగింతలగును. మఱియు 60 హెర్ట్‌జుల మానిటరు సెకనుకు 60 మార్లే బొమ్మను మార్చును. దానికి 150 బొమ్మలు గీయు కార్డును తగిలించినచో అధికముగా పెట్టిన సొమ్ము చాలవఱకు వ్యర్థము.

భాగములు ఒకదానికొకటి పొసగవలెను. కాడికి కట్టిన యెద్దులలో ఒకటి బక్కదైనచో రెండవదాని బలము అక్కఱకు రాదు. సొమ్ములో ఇంచుమించు మూడవవంతు గ్రాఫిక్స్ కార్డునకు కేటాయించుట వాడుక. ఏ.ఎం.4 ప్రాసెసరు ఏ.ఎం.5 మదర్‌బోర్డులో కూర్చుండదు. డి.డి.ఆర్.4 ర్యాము డి.డి.ఆర్.5 గాడిలో దిగదు. 16 జి.బి. ర్యామును ఒకే ముక్కగా గాక, 8 జి.బి. ముక్కలు రెండుగా కొన్నచో పని చుఱుకుగా సాగును.

పేరులోని చివరి యక్షరమును గూడ చూడవలెను. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ ఉన్నచో, దానిలో బొమ్మను చూపు శక్తి లేదు. వేఱుగా కార్డు లేనిదే తెర వెలుగదు. రైజెన్ 5 5600జి వంటిదానిలో ఆ శక్తి కొంత యిమిడియున్నది. సొమ్ము చాలనివారు దానితో చిన్న ఆటలాడుచు, కార్డును తరువాత కొనవచ్చును.

అన్నిటికంటె జాగ్రత్త వహింపవలసినది ఎస్.ఎం.పి.ఎస్. విషయమున. ఇది గోడలోని 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి భాగములన్నిటికిని పంచును. దీనివలన ఆట వేగము రవంతయు పెరుగదు. అందుచేత సొమ్ము చాలనపుడు పలువురు మొదటి కోత దీనికే పెట్టుదురు. అది పొరపాటు. నాసిరకపు ఎస్.ఎం.పి.ఎస్. చెడునపుడు ఒక్కొకమారు బోర్డును, కార్డును గూడ చెఱచును. రంగురంగుల దీపములు మానుకొనవచ్చును గాని దీనిని తగ్గింపరాదు. 80 ప్లస్ గుర్తు విద్యుత్తు వృథాను గూర్చి చెప్పునే గాని రక్షణకు పూర్తి హామీ కాదు; కావున వారంటీని గూడ చూడవలెను. ఇంట ఎర్తింగు సరిగా నుండుటయు ముఖ్యము. మన యెండలకును, రోడ్డు దుమ్మునకును గాలి చక్కగా ఆడు క్యాబినెట్టు మేలు.

ఫలక్‌నుమాలో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి సికింద్రాబాదు చేరి, పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోవచ్చును. అచట మూడు నాలుగు దుకాణములలో వెలలు వ్రాయించుకొని పోల్చి చూడవలెను. వెలలు స్థిరములు కావు. 2025 చివర కృత్రిమ మేధ కేంద్రముల గిరాకీ వలన ర్యాము వెలలు మిక్కిలి పెరిగినవి. పాత కార్డులు చవుకగా దొరకును. కాని 2022 వఱకు ఎథీరియమను డిజిటల్ నాణెమునకై రాత్రింబవళ్లు నడచినవి వానిలో నుండవచ్చును. కావున ఎదుట నడిపి చూడక సొమ్మీయరాదు. కొత్త భాగములకు బిల్లు తప్పక తీసికొనవలెను. బిల్లు లేనిచో వారంటీ దక్కుట కష్టము.

ఇట్లు కూర్చిన యంత్రము ఆటలకేగాక చదువునకును, లెక్కలకును, ప్రోగ్రాములు వ్రాయుటకును పనికివచ్చును. పొరుగువాని పెట్టెకంటె మెఱయునది గాక, మన యక్కఱ తీర్చి పలు సంవత్సరములు నిలుచునదే మంచి యంత్రము. ఇల్లు పెట్టిన ధనమునకు అదియే తగిన గౌరవము.

ప్రశ్నలు

1. యంత్రముకంటె ముందు ఆటను ఏల నిశ్చయింపవలెను?
2. ఎస్.ఎం.పి.ఎస్. చేయు పనిని వివరింపుము. దాని వెల తగ్గించుటవలన కలుగు నష్టమేమి?
3. మీ యింటికి 50,000 రూపాయలలో ఏ భాగములు కొందురో పట్టిక వ్రాయుము.