పండగ తేదీ మారినా పని వరుస మారదు



2025 వినాయక చవితి సాయంత్రం ప్రసాదం క్యూలో పెద్దవాళ్ళు ఎండలో నిలబడాల్సి వచ్చింది. టెంటు లేకపోవడానికి కారణం వాలంటీర్లమైన మేమే. 2024 చవితికి వాడిన షెడ్యూల్ ఫైల్‌ను కాపీ చేసి, తేదీలు ఒక్కొక్కటీ చేత్తో మార్చాం. టెంటు అనుమతి దరఖాస్తు దగ్గర మాత్రం పాత తేదీ అలాగే ఉండిపోయింది. ఆ ఏడాది పండగ 11 రోజులు ముందే వచ్చింది. దరఖాస్తు ఆలస్యమైంది, అనుమతి అందలేదు.

మళ్ళీ అలా జరగకూడదని షెడ్యూల్‌ను మొదటి నుంచీ కట్టి, ఏటా వాడుకునే టెంప్లేట్‌గా, అంటే మూసగా చేశాం. ఎలా చేశామో ఇక్కడ చెప్తున్నాం. మీ ఇంట్లో గృహప్రవేశానికో, ఒడుగుకో కూడా పనికొస్తుంది.

తేదీ ఒక్కటే, మిగతావన్నీ లెక్కలే

చవితి ఎప్పుడూ భాద్రపద శుద్ధ చవితి నాడే. ఇంగ్లీషు తేదీయే మారుతుంది. భారతదేశంలో 2024లో సెప్టెంబరు 7, 2025లో ఆగస్టు 27, 2026లో సెప్టెంబరు 14. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కంటే సుమారు 11 రోజులు చిన్నది. 2026లో అధిక జ్యేష్ఠం ఉండటంతో పండగ మళ్ళీ సెప్టెంబరుకు జరిగింది. పైగా తిథిని మనం ఉన్న చోటికి లెక్కకట్టాలి కాబట్టి అమెరికాలో ఒక్కోసారి ఒక రోజు తేడా వస్తుంది. అందుకే మా మూసలో మనిషి నింపే తేదీ ఒక్కటే. అదీ అర్చకులు చెప్పాకే.

ఇది కొత్త సంగతేమీ కాదు. పెళ్ళికి ముహూర్తం పెట్టుకున్నాక పసుపు దంచడం ఎప్పుడు, పెళ్ళికూతుర్ని చేయడం ఎప్పుడు అని మన పెద్దలు వెనక్కి లెక్క వేసుకుంటారు. సాఫ్ట్‌వేర్‌తో చేయించేదీ అదే.

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ఇలా చేశాం

1. ప్రాజెక్ట్ ఇన్ఫర్మేషన్‌లో షెడ్యూల్ ఫ్రమ్ దగ్గర ప్రాజెక్ట్ ఫినిష్ డేట్ ఎంచుకున్నాం. పండగ రోజే ముగింపు. పండగ తర్వాతి పనులకు, అంటే శుభ్రం చేయడానికీ లెక్కలు చూడటానికీ వేరే చిన్న జాబితా ఉంది.

2. పనులన్నిటినీ ఆటో షెడ్యూల్‌లో ఉంచాం. స్టార్ట్, ఫినిష్ గడుల్లో ఏ తేదీ టైప్ చేయలేదు. టైప్ చేస్తే ఆ పనికి ఒక షరతు పడి, పండగ తేదీ మార్చినా అది పాత తేదీనే పట్టుకుని ఉండవచ్చు. ఎన్ని రోజుల పని, దేని తర్వాత చేయాలి అన్న రెండే నింపాం.

3. ఎదురుచూపును కూడా ఒక పనిగా రాశాం. టెంటు అద్దెకిచ్చేవారి డ్రాయింగ్, దరఖాస్తు, 30 రోజుల ఎదురుచూపు, టెంటు వేయడం: ఇవి నాలుగు పనులు. పాత ఫైల్‌లో మూడో పని లేనే లేదు.

4. 30 అని మామూలుగా రాస్తే సాఫ్ట్‌వేర్ పనిదినాలే లెక్కపెడుతుంది. అంటే ఆరు వారాలు! శని, ఆదివారాలు కూడా కలవాలంటే 30ఈడీ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. ఇక మన వాలంటీర్లకు తీరికుండేదే శని, ఆదివారాల్లో కాబట్టి, వారి క్యాలెండర్‌లో ఆ రెండు రోజుల్నీ పనిదినాలుగా మార్చాం.

5. పేర్లు తీసేసి బాధ్యతలు రాశాం: వంటశాల, పూలు, పార్కింగ్, పిల్లల మట్టి వినాయకుళ్ళు. ఏళ్ళ తరబడి వంటశాల చూసిన ఆంటీగారు వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయాక తెలిసింది, ఆవిడ షెడ్యూల్ అంతా ఆవిడ బుర్రలోనే ఉందని. ఫోన్‌లో అడిగి, బియ్యం ఆర్డరు నుంచి పులిహోర గుజ్జు ఉడికించే రోజు దాకా వరుసగా రాసుకున్నాం.

6. చివరగా ప్రాజెక్ట్ టెంప్లేట్‌గా సేవ్ చేశాం. అప్పుడు బేస్‌లైన్లు, జరిగిన పనుల వివరాలు, రేట్లు తీసేయాలా అని అడుగుతుంది. అన్నిటికీ టిక్ పెట్టాం.

ఈ సాఫ్ట్‌వేర్ లేనివాళ్ళకు ఎక్సెల్ చాలు. పై గడిలో పండగ తేదీ రాసి, కింది ప్రతి గడిలో ఆ తేదీలోంచి ఇన్ని రోజులు తీసేయమని ఫార్ములా ఇవ్వండి.

పరీక్షించాకే నమ్మాం

మూసలో 2025 తేదీ పెట్టి చూశాం. దరఖాస్తు జూలై నెలాఖరులో పడింది. మేము పంపింది ఆగస్టులో! 2026 తేదీ పెడితే ఆగస్టు రెండో వారంలో పడింది. అయితే సాఫ్ట్‌వేర్‌కు అన్నీ తెలియవు. 2025లో పండగ తర్వాతి శనివారం లేబర్ డే సెలవుల్లో పడి, చాలామంది ఊళ్ళో లేరు. అలాంటివి ఏటా మనమే చూసుకోవాలి.

మీరు ఏ సేవ చేస్తున్నా, మీ పనులు ఏ వరుసలో జరుగుతాయో, ఒక్కోదానికి ఎన్ని రోజులు పడుతుందో ఒక కాగితం మీద రాసి ఆలయ కౌంటర్‌లో ఇవ్వండి. మూసలో చేరుస్తాం. రేపు మీ చోట సేవకు వచ్చేవారికి అదే దారి చూపిస్తుంది.