ముందు బడి, తరువాత ఇల్లు: చిన్నపిల్లలతో ముంబైకి వచ్చే తెలుగు కుటుంబాలకు

ముంబై నగరానికీ తెలుగువారికీ ఉన్న అనుబంధం నేటిది కాదు. కట్టడపు పనులకు వచ్చిన కామాఠీల పేరుతోనే కామాఠీపురా ఏర్పడింది. నూలు మిల్లుల కాలంలో పద్మశాలి కుటుంబాలు వర్లీ, లోయర్ పరేల్ పరిసరాలలో స్థిరపడ్డాయి. నేటికీ కొత్తగా వచ్చేవారు తొలుత ఆశ్రయించేది బంధువులను, ఊరివారినే. సాధారణంగా ఇంటి పెద్ద ముందుగా వచ్చి, పనిచేసే చోటికి దగ్గరలోనో, బంధువుల ఇంటి పక్కనో ఒక గది తీసుకుంటాడు. వేసవి సెలవులలో భార్యాపిల్లలు వస్తారు. బడి కోసం వెదకడం అప్పుడు మొదలవుతుంది. అప్పటికే డిపాజిట్ చెల్లించి ఉంటారు కనుక, దగ్గరలో ఏది దొరికితే అందులో చేర్చడం తప్ప వేరు మార్గం ఉండదు. ఆ తొందరపాటు భారం మోయవలసినది పిల్లవాడు. కాబట్టి ఈ వరుసను మార్చి, ముందు బడిని, ఆ తరువాత ఆ బడికి అందుబాటులో ఇంటిని ఎంచుకోవడం మేలు. అది ఎలాగో ఈ పాఠంలో చూద్దాం.

1. చట్టం కల్పించిన హక్కులు

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 ఏళ్ళ లోపు ప్రతి బిడ్డకూ ఉచిత విద్య పొందే హక్కు ఉంది. ఈ హక్కుకు మాతృభాషతో గాని, స్వరాష్ట్రంతో గాని నిమిత్తం లేదు. మహారాష్ట్ర నియమాలను అనుసరించి 1 నుండి 5వ తరగతి వరకు ఒక కిలోమీటరు, 6 నుండి 8వ తరగతి వరకు మూడు కిలోమీటర్ల పరిధిలో బడి ఉండాలి.

వలస వచ్చినవారికి ముఖ్యంగా ఉపయోగపడే అంశాలు మూడు. మొదటిది, బదిలీ పత్రం, అనగా టీసీ, రావడం ఆలస్యమైనదన్న కారణంతో ప్రభుత్వ, పురపాలక బడులు ప్రవేశాన్ని నిరాకరించరాదు, వాయిదా వేయరాదు. రెండవది, వయసును ధ్రువీకరించే పత్రం లేదని ఏ బడీ బిడ్డను తిప్పి పంపరాదు. మూడవది, చదువు నడుమ ఆగిపోయిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకొని, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అయినప్పటికీ స్వస్థలం విడిచే ముందే టీసీ, జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, విద్యార్థి పెన్ సంఖ్య చేత పట్టుకొని రావడం ఉత్తమం. హక్కు ఉన్నా, కాగితం చేతిలో ఉంటే పని త్వరగా సాగుతుంది.

ప్రైవేటు బడులలో ప్రవేశ తరగతి స్థానాలలో 25 శాతం బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు కేటాయించాలి. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు ఇది వర్తించదు. దరఖాస్తులు విద్యాసంవత్సరం మొదలు కావడానికి కొన్ని నెలల ముందే ఆన్‌లైన్‌లో స్వీకరిస్తారు. ఎంపిక లాటరీ ద్వారా జరుగుతుంది. ఇంటికీ బడికీ నడుమ దూరాన్ని ఇందులో లెక్కలోకి తీసుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో పొందిన కుల ధ్రువీకరణ పత్రం మహారాష్ట్రలో ఈ ప్రవేశానికి చెల్లదు. ఈ సంగతి దరఖాస్తు చేసిన తరువాత తెలిసి నిరాశపడకుండా ముందే గ్రహించాలి.

2. ఏ మాధ్యమం?

ముంబై మహానగర పాలక సంస్థ మరాఠీ, హిందీ, ఉర్దూ, ఆంగ్లం, గుజరాతీ, తమిళం, తెలుగు, కన్నడం అనే ఎనిమిది భాషలలో బడులు నడుపుతున్నది. తెలుగు పాఠ్యపుస్తకాలను రాష్ట్ర సంస్థ బాలభారతి ప్రచురిస్తుంది. స్వస్థలంలో తెలుగు మాధ్యమంలో రెండు మూడు తరగతులు చదివిన బిడ్డకు ఇటువంటి బడి మార్పు తాకిడిని తగ్గిస్తుంది. అయితే చేర్చే ముందు రెండు ప్రశ్నలు తప్పక అడగాలి: ఈ బడి ఎంత వరకు ఉంది? ఆ పై తరగతులు తెలుగులో ఎక్కడ లభిస్తాయి? ఐదవ తరగతి ముగిశాక బిడ్డ రెండు రైళ్ళు మారవలసి వస్తే, ఆ లెక్క ఇప్పుడే వేసుకోవాలి.

ఆంగ్ల మాధ్యమం కోరుకునేవారు ఎక్కువ. అందులో తప్పు లేదు. కానీ తరగతి గదిలో ఆంగ్లం, ఆటస్థలంలో హిందీ, వీధిలో మరాఠీ అన్నీ ఒక్కసారిగా ఎదురైన బిడ్డ కొన్నాళ్ళు మాటలు తగ్గించడం సహజం. దానిని మందబుద్ధిగా భావించి దండించరాదు.

ఏ మాధ్యమంలో చేర్చినా మరాఠీ తప్పదు. 2020లో చేసిన చట్టం రాష్ట్రంలోని అన్ని బడులలో 1 నుండి 10వ తరగతి వరకు మరాఠీ బోధనను తప్పనిసరి చేసింది. దీనికి భయపడనక్కరలేదు. మరాఠీ లిపి దేవనాగరి. హిందీ నేర్చిన బిడ్డకు అది పరిచితమే. ప్రామాణిక హిందీలో లేని ‘ళ’ మరాఠీలో ఉంది. ‘చాప’, ‘జల్లెడ’ అనే మాటలలో మనం పలికే దంత్య చ, జ ధ్వనులు కూడా మరాఠీలో ఉన్నాయి. ఈ ధ్వనులు పలకడంలో తెలుగు బిడ్డకు కష్టం ఉండదు.

3. ఇల్లు, వీధి, వాన

బడి స్థిరపడ్డాక ఇల్లు చూడాలి. దూరాన్ని కిలోమీటర్లలో మాత్రమే కొలవరాదు. బడి వేళకు ఆ దారిన తల్లిదండ్రులు ఒకసారి స్వయంగా నడిచి చూడాలి. రైలు పట్టాలు గాని, పెద్ద రహదారి గాని దాటవలసి ఉంటే పాదచారుల వంతెన ఉన్నదో లేదో గమనించాలి. అర కిలోమీటరు దూరంలో ఉన్నా పట్టాలకు అవతల ఉన్న బడి చిన్నపిల్లలకు దూరపు బడే.

ఇక్కడ బడులు జూన్ నడుమ తెరుస్తారు. వానలూ అప్పుడే మొదలవుతాయి. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. అటువంటి రోజు అరుదే గాని, హింద్‌మాతా వంటి పల్లపు ప్రాంతాలలో నీరు నిలవడం అరుదు కాదు. వేసవిలో ఇల్లు చూసేవారికి ఇది కనబడదు. వానాకాలంలో నీరు ఎంతవరకు వస్తుందో మూలమీది కిరాణా కొట్టులో అడిగితే చాలు. దగ్గరలో పురపాలక వైద్యశాల, తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్ళే ఇంట బిడ్డను సాయంత్రం వరకు కనిపెట్టుకొని ఉండేవారు ఉన్నారా అని కూడా చూసుకోవాలి.

4. అద్దె ఒప్పందం

నోటిమాటతో ఇల్లు తీసుకోరాదు. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండి, రిజిస్టరు కావాలి. ఆ బాధ్యత ఇంటి యజమానిది. 25 శాతం స్థానాలకు దరఖాస్తు చేసేవారికి ఈ రిజిస్టరైన పత్రమే చిరునామాకు ఆధారమవుతుంది. దరఖాస్తు తేదీకి ముందే అది చేతిలో ఉండాలి.

5. ఇంటి భాష

బడిలో ఏ భాష ఉన్నా ఇంట తెలుగు ఆగరాదు. ఇంట తెలుగు మాట్లాడితే ఆంగ్లం రాదనే భయం నిరాధారమైనది. మాట మాత్రమే మిగిలి చదువు పోతే, అవ్వాతాతలు రాసిన ఉత్తరాన్ని మనుమలు చదవలేరు. కనుక రోజుకు అరగంట తెలుగు చదివించడం, రాయించడం అలవాటు చేయాలి.

అభ్యాసం

ఇంటికి డిపాజిట్ చెల్లించే ముందు ఈ ప్రశ్నలకు జవాబులు కాగితంపై రాసుకోండి.

అ) బిడ్డ చేరవలసిన తరగతిలో స్థానం ఉన్నదని బడివారు చెప్పారా?
ఆ) ఆ బడి చివరి తరగతి ఏది? ఆపైన ఎక్కడికి వెళ్ళాలి?
ఇ) మరాఠీ కొత్తగా నేర్చే పిల్లలకు అక్కడ ఎటువంటి సహాయం లభిస్తుంది?
ఈ) బడి దారిలో పట్టాలు, రహదారి, నీరు నిలిచే పల్లం ఉన్నాయా?
ఉ) ఒప్పందాన్ని రిజిస్టరు చేయడానికి యజమాని అంగీకరించాడా?

మొదటి రెండు ప్రశ్నలకు జవాబు లేకపోతే, ఇల్లు ఎంత బాగున్నా, అద్దె ఎంత తక్కువైనా మరికొన్ని రోజులు ఆగడమే మంచిది. అద్దె ఇంటిని పదకొండు నెలలకు మార్చుకోవచ్చు. బిడ్డ బడిని ఏటేటా మార్చడం తగదు.