పెరటి తోట: ముందు నీళ్లు, తర్వాత విత్తనం

ఇస్మాయిల్‌ఖాన్‌పేట సంగారెడ్డి దగ్గరి ఊరు. దుర్గాభవాని గుడి ఉన్న ఊరు. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీలు ఇక్కడికి దూరం కాదు.

ఆ ఊళ్లో ఒక ఇల్లు. ఆ ఇంట్లో అత్త, కోడలు. కోడలు పెద్దల బడిలో చదువు నేర్చుకుంది. ఒక రోజు ఆమె ఆస్పత్రికి పోయి వచ్చింది.

"అత్తమ్మా, నాకు రక్తం తక్కువ ఉందట. గోలీలు ఇచ్చిన్రు. ఆకుకూరలు బాగ తినుమన్నరు. రోజూ కొనాలంటే పైసలు ఏడికెల్లి తెస్తం? ఇంటెనుక జాగ ఉంది గదా, తోట పెడదాం" అన్నది.

"పెడదాం బిడ్డా. కానీ ఏ నీళ్లు పోస్తవ్?" అని అడిగింది అత్త.

"బోరు నీళ్లు ఉన్నయి గదా?"

"ఆ నీళ్ల సంగతి తెలుసుకున్నంకనే విత్తనం పెట్టాలె" అన్నది అత్త. నక్కవాగు కథ చెప్పింది.

నక్కవాగు కథ

1970ల నుండి పటాన్‌చెరు వైపు చాలా కంపెనీలు వచ్చాయి. పనులు దొరికాయి. కానీ కంపెనీల మురికి నీళ్లు వాగుల్లో కలిశాయి. నక్కవాగు ఆ నీళ్లను మోసుకొచ్చి మంజీరలో కలిపింది. వాగు పక్క పొలాలు చెడిపోయాయి. బావులు పాడయ్యాయి. నష్టపోయిన ఊళ్లలో ఇస్మాయిల్‌ఖాన్‌పేట కూడా ఒకటి.

జనం ఊరుకోలేదు. పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావు వంటి వారు జనం పక్షాన నిలబడ్డారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. నష్టపోయిన రైతులకు పరిహారం ఇవ్వాలని, ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వాలని కోర్టు చెప్పింది.

హైదరాబాదులో ఎన్.జి.ఆర్.ఐ. అనే సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు పటాన్‌చెరు కంపెనీల చుట్టూ ఉన్న మట్టిని పరీక్షించారు. కొన్ని చోట్ల ఆర్సెనిక్, క్రోమియం వంటి లోహాలు ఎక్కువ ఉన్నాయని 2001లో రాశారు. ఇలాంటి లోహాలు మట్టిలో చేరితే తొందరగా పోవు. మొక్క వేరు వాటిని పీల్చుకుంటుంది. అవి ఆకులోకి వస్తాయి. ఆకు మన కంచంలోకి వస్తుంది.

అందుకే అత్త ముందు నీళ్ల మాట అడిగింది.

ఏ నీళ్లు పోయాలి?

తాగడానికి వచ్చే నల్లా నీళ్లు మంచివి. వాన నీళ్లు మంచివి. మొదటి వాన నీళ్లు మాత్రం వదిలేయాలి. అవి కప్పు మీది దుమ్మును కడుగుతాయి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు పారబోయకుండా మొక్కలకు పోయవచ్చు. వాగు నీళ్లు పోయవద్దు. బోరు నీళ్లు పరీక్ష చేయించాకే వాడాలి.

"నీళ్లు తెల్లగనే ఉన్నయి గదా?" అన్నది కోడలు.

తెల్లగా ఉన్న నీళ్లన్నీ మంచివి కావు. కొన్ని విషాలకు రంగు ఉండదు, వాసన ఉండదు. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి. లోహాలు మాత్రం పోవు.

ఇంకొక జాగ్రత్త ఉంది. కంపెనీల నుండి వచ్చిన పాత డ్రమ్ములు తక్కువ ధరకు దొరుకుతాయి. వాటిలో ఏ మందు పోశారో మనకు తెలియదు. కడిగినా విషం పూర్తిగా పోదు. అలాంటి డ్రమ్ములో నీళ్లు పట్టవద్దు. మొక్కలు పెట్టవద్దు.

ఏ మట్టి?

నేల మీద అనుమానం ఉంటే ఆకుకూరలు సంచుల్లో పెంచాలి. పాత బియ్యం సంచులు చాలు. కింద నాలుగు చిల్లులు పెట్టాలి. వాగుకు, కంపెనీలకు దూరంగా ఉన్న చోటి ఎర్రమట్టి తేవాలి. రెండు తట్టల మట్టికి ఒక తట్ట బాగా మాగిన పశువుల పెంట ఎరువు కలపాలి. కొంచెం ఇసుక వేయాలి. కంపెనీల బూడిద, బురద ఎరువు అని ఎవరిచ్చినా తీసుకోవద్దు.

వ్యవసాయ ఆఫీసులో మట్టి పరీక్ష చేయిస్తారు. మామూలు పరీక్షలో మట్టి బలం తెలుస్తుంది. విష లోహాల పరీక్ష వేరు. "ఇది ఏ పరీక్ష?" అని అడిగి తెలుసుకోవాలి.

మొక్కల్లో కూడా తేడా ఉంది. ఆకుకూరలు, దుంపలు లోహాలను ఎక్కువ పట్టుకుంటాయి. సొర, బీర, టమాట వంటి కాయల్లో సాధారణంగా తక్కువ చేరుతాయి. అందుకే ఆకుకూరలకు అన్నింటి కంటే మంచి మట్టి ఇవ్వాలి.

ముగ్గుతో తోట బొమ్మ

కోడలు ముగ్గుపిండి తెచ్చింది. ఇంటెనుక జాగను అడుగులతో కొలిచింది. పొడుగు 12 అడుగులు. వెడల్పు 10 అడుగులు. నేల మీద తోట బొమ్మ గీసింది.

ఎండ ఎటు పడుతుందో ఒక రోజంతా చూసింది. కూరగాయలకు రోజుకు అయిదారు గంటల ఎండ కావాలి. పుదీన కొంచెం నీడలో కూడా పెరుగుతుంది.

వంటింటి తలుపు దగ్గర రోజూ తెంపేవి పెట్టాలనుకుంది. అవి కొత్తిమీర, పుదీన, కరివేపాకు. ఎండ బాగా పడే చోట ఆకుకూరల సంచులు. గోడ పక్కన పందిరి, దాని మీదికి సొర, బీర. వాటి విత్తనం మృగశిర కార్తెలో వానలు పడగానే పెట్టాలి. మూలకు ఒక మునగ కొమ్మ. మునగ నీడ తోట మీద పడకుండా చూసుకోవాలి.

సంచులన్నింటిలో ఒకే రోజు విత్తనం వేయకూడదు. వారానికి ఒక సంచిలో వేయాలి. అప్పుడు వారం వారం కూర వస్తుంది. మెంతికూర మూడు వారాల్లో తెంపవచ్చు. తోటకూర నెల రోజుల్లో వస్తుంది. పాలకూర, పుంటికూర నెల దాటాక వస్తాయి. వేరుతో పీకకుండా కోస్తే పాలకూర మళ్లీ చిగురిస్తుంది.

మందు మొక్కలు

అత్త నాలుగు మందు మొక్కలు చెప్పింది. తులసి, వాము ఆకు, కలబంద, అల్లం. దగ్గు, పడిశం వచ్చినప్పుడు తులసి, అల్లం వేసిన వేడినీళ్లు గొంతుకు హాయినిస్తాయి. అజీర్ణానికి వాము ఆకు నమలడం మన పెద్దల అలవాటు. చెయ్యి కొంచెం కాలితే ముందు చల్లటి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టాలి. తర్వాత కలబంద లోపలి గుజ్జు రాయవచ్చు. గర్భిణులు కలబంద తినకూడదు.

మందు మొక్క డాక్టరుకు బదులు కాదు. జ్వరం తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి పోవాలి. పేరు తెలియని ఆకు కషాయం తాగకూడదు. గన్నేరు, ఉమ్మెత్త విషపు మొక్కలు. పిల్లలున్న ఇంట్లో అవి పెంచకపోవడం మంచిది. తోటలో నీళ్లు నిలవకూడదు. నిలిస్తే దోమలు పెరుగుతాయి.

ఆకుకూర, రక్తం

2019-21 సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తం తక్కువ. ఆకుకూరలో ఇనుము ఉంటుంది. కూర మీద నిమ్మకాయ పిండితే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే సరిగా పట్టదు. ఆకును రెండు మూడు సార్లు కడిగి వండాలి. డాక్టరు ఇచ్చిన ఇనుము గోలీలు మాత్రం మానవద్దు.

కోడలు రాసిన మొదటి అర్జీ

ముగ్గు బొమ్మ పూర్తి అయింది. కోడలు కాగితం, పెన్ను తెచ్చింది. కూడబలుక్కుని ఇలా రాసింది:

"గ్రామపంచాయతీ సర్పంచ్ గారికి. మా వీధిలో బోరు ఉంది. ఆ నీళ్లలో విష లోహాలు ఉన్నాయా లేవా పరీక్ష చేయించండి. ఫలితం కాగితం మీద రాసి మాకు ఇవ్వండి."

కింద తన పేరు రాసి సంతకం చేసింది. అత్త చదువుకోలేదు. అయినా కాగితాన్ని చేతిలోకి తీసుకుని చూసింది.

"ఆ రోజుల్ల మాకు రాయరాదు. ఎవరన్న రాస్తే ఏలిముద్ర వేసినం. నువ్వే రాసినవ్ బిడ్డా" అన్నది.

పరీక్ష ఫలితం వచ్చేదాకా తోటకు నల్లా నీళ్లే పోయాలని ఇద్దరూ అనుకున్నారు. ఆ సాయంత్రమే మొదటి సంచిలో మెంతులు చల్లారు. కోడలు గోడ మీద బొగ్గుతో తేదీ రాసింది.

ఆలోచించండి

1. అత్త విత్తనం కంటే ముందు నీళ్ల గురించి ఎందుకు అడిగింది?
2. నీళ్లు కాచితే ఏది పోతుంది? ఏది పోదు?
3. ఆకుకూరలకు సంచుల్లో మంచి మట్టి ఎందుకు వేయాలి?

చేయండి

మీ ఇంటి దగ్గర జాగను కొలవండి. తోట బొమ్మ గీయండి. మీరు వాడే నీళ్లు ఎక్కడి నుండి వస్తాయో రాయండి. నీళ్ల పరీక్ష కోసం మీ ఊరి పంచాయతీకి, బస్తీలో ఉంటే మున్సిపాలిటీకి ఒక అర్జీ రాయండి.