వంటచెరకు కొనేది బరువుకా, వేడికా?



పాల కేంద్రంలో పాలు పోసిన ప్రతి సభ్యుడూ వెన్న శాతం ఎంత వచ్చిందని అడుగుతాడు. కొలత ఒకటే అయినా 5 శాతం వెన్న ఉన్న పాలకూ, 8 శాతం వెన్న ఉన్న పాలకూ ఒకే ధర కడితే ఎవరూ ఊరుకోరు. పాలలో నీళ్ళు కలిస్తే లాక్టోమీటరు పట్టిస్తుంది. అదే సభ్యుడు కట్టెల అడితికి పోయినప్పుడు మాత్రం అందులో నీరెంత, మండే సరుకెంత అని అడగడు. కాటా చూసి డబ్బు కట్టి వస్తాడు. ఈ అలవాటువల్ల ఇంటికీ, సంఘానికీ ఎంత నష్టమో ఈ పాఠంలో లెక్కవేసి చూద్దాం.

ఒక సంఘంలో జరిగిన సంగతి

2012 అక్టోబరులో మేము ఒక పాల ఉత్పత్తిదారుల సంఘం లెక్కలు తనిఖీ చేయడానికి వెళ్ళాము. అక్కడ క్యాన్లు కడగడానికి రోజూ వేడినీళ్ళు కాచేవారు. వేసవిలో రోజుకు 10 కిలోల కట్టె సరిపోగా, జూలై నుంచి సెప్టెంబరు వరకు రోజుకు 20 కిలోలు ఖర్చు రాశారు. క్యాన్లు పెరగలేదు, నీళ్ళూ పెరగలేదు. 92 రోజులకు 920 కిలోలు అదనం. అప్పటి ధర కిలో రూ.4 చొప్పున రూ.3,680. ఆ మొత్తాన్ని క్యాన్లు కడిగే సహాయకుని జీతంలోంచి రాబట్టాలని పాలకవర్గం తీర్మానం చేసింది. పుస్తకాలు చూసి మేము కూడా 'ఇంధనం దుర్వినియోగం' అని చిత్తుప్రతిలో రాసుకున్నాము.

సాయంత్రం ఆ సహాయకుడు మా దగ్గరకు వచ్చి, "అయ్యా, నేనొక్క పుల్ల కూడా ఇంటికి పట్టుకుపోలేదండి. ఈ కట్టె మండదు, ఏడుస్తుంది. ఒక్కసారి పొయ్యి దగ్గరకు వచ్చి చూడండి" అన్నాడు. వెళ్ళి చూశాము. మొద్దు చివర నుంచి బుసబుస నురుగు కారుతోంది. మర్నాడు ఆ కుప్పలోంచే కట్టె చీల్పించి, కిలో పేళ్ళు తూచి, కేంద్రం డాబామీద ఎండబెట్టించి, ఎండిన తరువాత మళ్ళీ తూచమని కార్యదర్శిగారికి చెప్పి వచ్చాము. కిలో పేళ్ళు 620 గ్రాములకు దిగాయి. ఎవరూ కట్టె దొంగిలించలేదు. సంఘం కట్టె ధరకు నీళ్ళు కొన్నది, అంతే. తీర్మానం రద్దయింది. మా చిత్తుప్రతిలోని వాక్యం మేమే కొట్టివేసుకున్నాము. కొలత తెలియకపోతే డబ్బుతోపాటు ఒక మనిషి పరువు కూడా పోతుందని ఆ రోజు మాకు తెలిసివచ్చింది.

బండి, మోపు, కాటా

పూర్వం కట్టెను మణుగులలో కొనేవారు. మద్రాసు మణుగు సుమారు 11.3 కిలోలు, రైల్వే మణుగు సుమారు 37.3 కిలోలు. పేరు ఒకటే, బరువు వేరు. 1956 తూనికలు కొలతల చట్టంతో కిలో వచ్చి ఆ తికమక తీరింది. కాని బండి, ట్రాక్టరు, మోపు లెక్కలు గ్రామాలలో నేటికీ ఉన్నాయి. వీటిలో కట్టెతోపాటు గాలి కూడా కొంటున్నామని మరువరాదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు పేర్చిన కట్టెలో తిన్నని దుంగలైతే అసలు కట్టె 60 నుంచి 70 శాతం ఉంటుంది. వంకర కొమ్మలైతే సగం కూడా ఉండదు.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. బండి లెక్కన కొనేటప్పుడు సరుగుడు, తుమ్మ వంటి బరువు కట్టె మేలు. బూరుగు, మునగ వంటి తేలిక కట్టె నష్టం. తూకానికి కొనేటప్పుడు జాతి భేదం పెద్దగా లేదు. బాగా ఎండితే ఏ కట్టె అయినా కిలోకు ఇంచుమించు ఒకే వేడి ఇస్తుంది. అప్పుడు చూడవలసింది ఎండు ఒక్కటే.

కట్టెలో నీరు

అప్పుడే నరికిన కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉండవచ్చు. 100 కిలోల పచ్చి కట్టెలో 50 కిలోలు నీరు అనుకుందాం. గాలికి, ఎండకు ఆరి నీరు 20 శాతానికి దిగితే మిగిలేది 62.5 కిలోలు. కిలో రూ.6 చొప్పున రూ.600 కట్టి తెచ్చిన పచ్చి కట్టె, ఎండేసరికి కిలో రూ.9.60 పడినట్లు.

ఎండబెట్టకుండా మండిస్తే ఇంకా నష్టం. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి 600 కిలో కెలోరీలకు పైగా వేడి కావాలి. (ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే వేడి ఒక కిలో కెలోరీ.) అంటే గిన్నెకు అందవలసిన వేడి కట్టెలోని నీటిని ఆర్పుకోవడానికే సరిపోతుంది. పైగా పొగ, మసి.

వేడి లెక్క

ఇంధనంలో ఉన్న వేడి అంతా గిన్నెకు చేరదు. కొంత పొయ్యి చుట్టూ పోతుంది, కొంత పొగతో పోతుంది. కనుక ఉన్న వేడిని, చేరే శాతంతో హెచ్చవేయాలి. ఈ కింది అంకెలు సుమారు లెక్కలు.

ఎండు కట్టె, 1 కిలో: 3,500 కిలో కెలోరీలు. మామూలు పొయ్యిలో చేరేది 15 శాతం, అంటే 525.
పచ్చి కట్టె, 1 కిలో: 2,000. చేరేది 12 శాతం, అంటే 240.
పిడకలు, 1 కిలో: 2,100. చేరేది 10 శాతం, అంటే 210.
వంటగ్యాసు, 1 కిలో: 10,900. చేరేది 60 శాతం, అంటే 6,540.
గోబర్ గ్యాసు, 1 ఘనపు మీటరు: 4,700. చేరేది 55 శాతం, అంటే 2,585.
కరెంటు, 1 యూనిట్: 860. నీళ్ళలో ముంచే హీటరుతో చేరేది 90 శాతం, అంటే 774.

ఇప్పుడు సంఘంలో 100 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు కాచాలనుకుందాం. కావలసిన వేడి 5,000 కిలో కెలోరీలు. ఈ కింది ధరలు లెక్క నేర్చుకోవడానికి మాత్రమే. మీ ఊరి ధర వేసి మీరే మళ్ళీ కట్టుకోవాలి.

ఎండు కట్టె 9.5 కిలోలు, కిలో రూ.6 చొప్పున రూ.57.
పచ్చి కట్టె 20.8 కిలోలు, అదే ధరకు రూ.125.
కరెంటు 6.5 యూనిట్లు, యూనిట్ రూ.8 చొప్పున రూ.52.
గ్యాసు 0.76 కిలో, 19 కిలోల వాణిజ్య సిలిండరు రూ.1,900 అనుకుంటే రూ.76. (ఇళ్ళకిచ్చే సిలిండరు సంఘం పనికి వాడరాదు.)

పచ్చి కట్టెను అడితివారు "కిలో నాలుగు రూపాయలకే ఇస్తాం" అన్నా ఖర్చు రూ.83 అవుతుంది. ఎండు కట్టె రూ.6 ఉన్నచోట పచ్చి కట్టె రూ.2.75 దాటితే నష్టమే. చవక అనుకున్నదే చివరకు ప్రియం అవుతుంది.

ఇదే ఎండు కట్టెను అడుగున ఇనుప జాలీ, పైన పొగగొట్టం ఉండి 25 శాతం వేడి అందించే మెరుగైన పొయ్యిలో మండిస్తే 5.7 కిలోలు చాలు. ఖర్చు రూ.34. అంటే పై లెక్కలో అన్నిటికంటె తక్కువ ఖర్చు కట్టెతోనే, అన్నిటికంటె ఎక్కువ ఖర్చూ కట్టెతోనే. తేడా అంతా ఎండులోనూ, పొయ్యిలోనూ ఉన్నది.

ఇంటి వంటకు సులువైన సూత్రం

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల యోజన వచ్చాక గ్రామాలలో చాలా ఇళ్ళకు గ్యాసు చేరింది. అయినా సిలిండరు అటకమీద పెట్టి కట్టెపొయ్యి వెలిగించే ఇళ్ళు ఉన్నాయి. గ్యాసు ప్రియమన్న భయమే కారణం. 14.2 కిలోల సిలిండరు, మామూలు పొయ్యిలో మండే 177 కిలోల ఎండు కట్టెతో సమానం. కనుక మీరు కట్టే సిలిండరు ధరను 177తో భాగించండి. సిలిండరు రూ.900 అయితే రూ.5.08 వస్తుంది. మీ ఊళ్ళో ఎండు కట్టె అంతకంటె ఎక్కువ ధర పలికితే గ్యాసే చవక.

"మేము కట్టె కొనం, ఏరుకొస్తాం" అనే వారు కూడా లెక్క వేయాలి. ఇంటి ఇల్లాలు పూట కూలి మానుకొని 20 కిలోల మోపు తెచ్చిందనుకోండి. పూట కూలి రూ.200 అయితే ఆ కట్టె కిలో రూ.10 పడింది. ఆమె కళ్ళకూ, ఊపిరితిత్తులకూ పొగ చేసే కీడు ఈ లెక్కలోకి రానే లేదు.

మన చేతిలో ఉన్న ఇంధనం

పశువులున్న సభ్యులు పేడ సంగతి వేరుగా ఆలోచించాలి. నాలుగైదు గేదెలున్న ఇంట్లో రోజుకు 50 కిలోల పేడ వస్తుంది. దానిని పిడకలు చేస్తే 11, 12 కిలోలు అవుతాయి. పొయ్యిలో గిన్నెకు చేరే వేడి సుమారు 2,400 కిలో కెలోరీలు. పొలానికి ఎరువు మిగలదు. అదే పేడను రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాసు ప్లాంటులో వేస్తే 5,170 కిలో కెలోరీలు గిన్నెకు చేరతాయి. అది 10 కిలోల ఎండు కట్టెతో సమానం. బయటకు వచ్చే మడ్డి మంచి ఎరువు. ఖాదీ కమిషన్ వారి ఇనుప డ్రమ్ము నమూనా పాతది. 1984లో వచ్చిన దీనబంధు నమూనాకు ఇటుక కట్టడమే, డ్రమ్ము ఖర్చు లేదు. అయితే రోజూ పేడ, నీళ్ళు సమంగా కలిపి పోసే ఓపిక ఉన్నవారికే ప్లాంటు పనికి వస్తుంది.

సంఘాలు చేయవలసిన పనులు

1. కట్టెను వేసవిలోనే కొని, చీల్చి, నేలకు తగలకుండా రాళ్ళమీద పేర్చి, పైన రేకు కప్పాలి. పక్కలు గాలికి వదలాలి.
2. ప్రతి లోడులో నాలుగైదు మొద్దులు చీల్పించి, కిలో పేళ్ళు తూచి ఎండబెట్టాలి. వరుసగా రెండు రోజులు ఒకే బరువు వచ్చేవరకు తూచాలి. 850 గ్రాములకు తగ్గకుండా నిలిస్తే మంచి ఎండు కట్టె. 650కి దిగితే పచ్చి కట్టె.
3. బేరం కుదిరేటప్పుడే ఈ పరీక్ష ప్రకారం ధర తగ్గించే షరతు రాసుకోవాలి.
4. ఇంధనం రిజిస్టరులో కిలోలతోపాటు కాచిన నీళ్ళ లీటర్లు, పేళ్ళ పరీక్ష ఫలితం కూడా రాయాలి. ఈ మూడూ చూడకుండా ఎవరిమీదా రాబట్టుడు తీర్మానం చేయరాదు.

నెలసరి సమావేశంలో చర్చించడానికి ప్రశ్నలు

1. మీ సంఘం గత సంవత్సరం కొన్న కట్టె ఎన్ని కిలోలు? ఏ నెలల్లో ఎక్కువ ఖర్చయింది? ఎందువల్ల?
2. కిలో పేళ్ళు ఎండి 700 గ్రాములైతే, క్వింటాలు రూ.500కు కొన్న కట్టె ఎండిన తరువాత కిలో ఎంత పడినట్లు?
3. మీ ఊరి సిలిండరు ధరను 177తో భాగించి, మీ ఊరి కట్టె ధరతో పోల్చండి.

రెండవ ప్రశ్నకు జవాబు సుమారు రూ.7.14. మిగిలిన రెండింటికి జవాబులు మీ రిజిస్టర్లలోనే ఉన్నాయి. పాలలో నీటిని పట్టుకోవడం నేర్చిన మనకు కట్టెలో నీటిని పట్టుకోవడం కష్టమైన పనేమీ కాదు.