ఒక ఆటగాడు – మూడు ఖాతాలు

మేము డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా కళాశాల కబడ్డీ జట్టులో ఏడుగురం హాస్టల్ పిల్లలమే. అంతర్ కళాశాలల పోటీలకు పేర్లు పంపారని తెలిసి జెర్సీల కోసం ఆఫీసుకు వెళ్ళాము. గుమస్తా గారు రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే "స్కాలర్‌షిప్ పిల్లలు ఫీజు కట్టరు గదా, మీకు జెర్సీలు ఎక్కడ్నుంచి తెచ్చేది?" అన్నారు. ఏమనాలో మాకెవరికీ తెలియలేదు. తిరిగి వచ్చి హాస్టల్లో మనిషికి పది రూపాయలు చందా వేసుకున్నాము. ఆ డబ్బుతో కోఠిలో బనియన్లు కొని, వెనకాల పెయింటుతో నంబర్లు మేమే రాసుకున్నాము. మొదటి మ్యాచ్ సగానికి వచ్చేసరికి చెమటకు రెండు నంబర్లు కరిగి కలిసిపోయాయి. చూసినవాళ్ళు నవ్వారు, మేమూ నవ్వాము. గుమస్తా గారి మాట మాత్రం మనసులో ఉండిపోయింది.

ఆ మాటకు జవాబు నాకు చాలా ఏళ్ళ తర్వాత దొరికింది. ఇప్పుడు హాస్టల్లో ఉండి ఆడుతున్న మిత్రులకు అంత ఆలస్యం కాకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ ఫీజు కట్టింది ఎవరు?

ఎస్సీ విద్యార్థులకిచ్చే కేంద్ర ప్రభుత్వ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. విద్యార్థి తరఫున ప్రభుత్వం చెల్లించే రుసుముల పేర్లు ఆ పథకం నిబంధనల్లో చాలాకాలం ఒక్కొక్కటిగా రాసి ఉండేవి. నమోదు, ట్యూషన్, గేమ్స్, యూనియన్, లైబ్రరీ, మ్యాగజైన్, వైద్య పరీక్ష, ఇంకా సంస్థకు తప్పనిసరిగా కట్టవలసినవన్నీ. తిరిగి ఇచ్చేసే డిపాజిట్లు మాత్రం ఇందులోకి రావు. ఆ వరసలో మూడో పేరు చూడండి: గేమ్స్. తర్వాత వచ్చిన మార్గదర్శకాల్లో ఇవన్నీ తిరిగి రాని తప్పనిసరి ఫీజులు అన్న ఒక్క మాటలో ఇమిడిపోయాయి.

అంటే స్కాలర్‌షిప్ పిల్లవాడు ఫీజు కట్టనివాడు కాడు. అతని ఫీజు వేరే దారిలో వస్తుంది, అంతే. పక్క బెంచీలో కూర్చున్న మిత్రుడి ఫీజు వాళ్ళ నాన్న జేబులోంచి వస్తే మన ఫీజు ఖజానా నుంచి వస్తుంది. కళాశాల పద్దులో రెండూ ఒకే చోట పడతాయి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకానికి ఐదేళ్ళకు రూ. 59,048 కోట్లు అంచనా వేసి, అందులో 60 శాతం కేంద్రం, మిగతాది రాష్ట్రాలు భరించాలని నిర్ణయించింది. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడి అక్కడి నుంచి కళాశాలకు చేరాలన్నది కూడా ఆ మార్పులలో భాగమే.

ఇక్కడ ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. ఈ డబ్బు సమయానికి రాదు. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం బంద్ పాటించిన సంగతి మీకు తెలిసిందే. బకాయి పెరిగిందని యాజమాన్యం ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే జీతాలు, అద్దె, కరెంటు ఆపడానికి వీలుండదు. ఆపినా ఎవరూ ధర్నా చేయని ఖర్చు ఆటలదే. గుమస్తా గారి కోపానికి మూలం కూడా అదే అయి ఉంటుందని ఇప్పుడు అనుకుంటాను. అయినా ఆ మాట తప్పే.

చిన్న కళాశాల లెక్క

పీర్జాదిగూడ నుంచి వరంగల్ రోడ్డు వెంట మేడిపల్లి, నారపల్లి, ఘట్‌కేసర్ వైపు వెళితే పెద్ద ఆవరణలున్న ఇంజినీరింగ్ కళాశాలలు కనిపిస్తాయి. ఇటు ఉప్పల్, బోడుప్పల్ వైపు వస్తే బ్యాంకు పైన రెండంతస్తుల్లో నడిచే డిగ్రీ కళాశాలలు కూడా కనిపిస్తాయి. మన హాస్టల్ వాళ్ళు రెండు రకాల్లోనూ చదువుతున్నారు. ఇంజినీరింగ్ వంటి కోర్సులకు కళాశాల జమాఖర్చులు చూసి నియంత్రణ కమిటీ ఫీజు ఖరారు చేస్తుంది. అందులో ఆటల పేరు విడిగా కనబడదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో స్పెషల్ ఫీజు అని ఉంటుంది, ఆటల భాగం అందులో ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాము. ఇవి ఏ కళాశాల అంకెలూ కావు, లెక్క కోసం అనుకున్నవి. కళాశాలలో 500 మంది విద్యార్థులు, తలకు ఏడాదికి 150 రూపాయల గేమ్స్ ఫీజు అనుకుందాము. మొత్తం 75,000. ప్రతి విద్యార్థి పేరున విశ్వవిద్యాలయానికి కట్టవలసిన వాటా ఉంటుంది. అది సగం అనుకుంటే కళాశాలకు మిగిలేది 37,500.

ఇక ఒక్క కబడ్డీ జట్టు ఖర్చు చూడండి. ఆటగాళ్ళు పన్నెండుగురు, పి.డి. గారు, ఒక సహాయకుడు కలిపి పద్నాలుగు మంది. మనిషికి 500 చొప్పున పన్నెండు జతల జెర్సీ, నిక్కరు 6,000. మూడు రోజుల పోటీకి మనిషికి రోజుకు 100 చొప్పున ప్రయాణం 4,200. భోజనం 120 చొప్పున 5,040. ఎంట్రీ ఫీజు వగైరా 1,000. బ్యాండేజీ, స్ప్రే, అయొడిన్ 800. మొత్తం 17,040. రెండు జట్లు పంపితే 34,080. ఏడాది డబ్బు అక్కడితో సరి. మూడో జట్టుకు యాజమాన్యం చేతినుంచి పెట్టాలి, లేదా ఆటగాళ్ళే పెట్టుకోవాలి.

అందుకే ఏ ఆటకు డబ్బు అన్నదే అసలు ప్రశ్న. చాలా చోట్ల దీనికి క్రికెట్ అని జవాబు. బ్యాట్లు, ప్యాడ్లు, హెల్మెట్లు, తోలు బంతులు వచ్చేసరికి రెండు జట్ల డబ్బు ఒక సంచిలోకి వెళ్ళిపోతుంది. ఉప్పల్ స్టేడియంలో 2005 నవంబరు 16న భారత్, దక్షిణాఫ్రికా మొదటి వన్డే ఆడినప్పటినుంచి మన వైపు ప్రతి గల్లీలో క్రికెట్టే. నాకూ ఇష్టమే, ఫ్లడ్ లైట్ల వెలుతురు చూసి మురిసిన రోజులున్నాయి. కానీ చిన్న కళాశాల చిన్న నిధికి తగిన ఆటలు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు. ఊళ్ళ నుంచి వచ్చిన హాస్టల్ పిల్లలకు చేతిలో ఉన్న ఆటలూ అవే. రెండు ఆటలు ఎంచుకుని ఏడాది పొడుగునా సాధన చేయించడం మేలు. స్పోర్ట్స్ డే పేరుతో ఒక్కరోజు షామియానా, సౌండ్ సిస్టమ్, ముఖ్య అతిథికి శాలువా, మెమెంటోలకు పెట్టే డబ్బుతో ఒక జట్టు పోటీకి వెళ్ళి రాగలదు.

అమ్మాయిల సంగతి ఇంకా అన్యాయం. వాళ్ళ పేరునా అంతే ఫీజు జమ అవుతుంది. జట్టు పంపాలంటే మాత్రం వెంట ఒక మేడమ్ వెళ్ళాలి, ఆమె రాలేకపోతే జట్టే రద్దు. అమెరికాలో 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలు ఆడపిల్లల పట్ల వివక్ష చూపరాదని చెప్పింది. అక్కడ కళాశాలల్లో మహిళల జట్లు పెరగడానికి ఆ చట్టమే పెద్ద కారణం.

అమెరికా పేరు వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. అక్కడ కళాశాల క్రీడలంటే టీవీలో వచ్చే పెద్ద విశ్వవిద్యాలయాలే మనకు గుర్తుకొస్తాయి. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం అటువంటి సంస్థ ఏడాదికి సుమారు రెండు కోట్ల డాలర్ల దాకా తన క్రీడాకారులకు నేరుగా పంచవచ్చు. కానీ అక్కడ డివిజన్ త్రీ అని నాలుగు వందలకు పైగా కళాశాలలున్నాయి. ఎక్కువ భాగం చిన్నవి. ఆట పేరున స్కాలర్‌షిప్ ఇవ్వరాదని అక్కడ నియమం. మరి ఆ చిన్న కళాశాలలు పది ఇరవై జట్లను ఎందుకు పోషిస్తాయి? ఆడాలన్న కోరికతో పిల్లలు చేరతారు, చేరినవాళ్ళు ఫీజు కడతారు. కోచ్ అక్కడ సగం అడ్మిషన్ల ఆఫీసరు. మన దగ్గర సీట్లు కౌన్సెలింగ్‌లోనో, డిగ్రీకైతే 2016 నుంచి దోస్త్ ద్వారానో నిండుతాయి. కబడ్డీ జట్టు బాగుందని ఎవరూ ఆప్షన్ పెట్టరు. కనుక యజమానికి ఆట ఖర్చుగానే కనబడుతుంది. ఒక్క న్యాక్ బృందం వచ్చే ముందు మాత్రం లెక్క మారుతుంది. విద్యార్థులు గెలిచిన క్రీడా పతకాలకు ఆ మూల్యాంకనంలో స్థానం ఉంది. పి.డి. గారి గదికి సున్నం పడేది ఆ సంవత్సరమే.

విశ్వవిద్యాలయం జెర్సీ

కళాశాల దాటితే ఖాతా మారుతుంది. అంతర్ కళాశాలల పోటీల్లో బాగా ఆడినవారిని ఎంపికలకు పిలుస్తారు. అందులో నిలిస్తే విశ్వవిద్యాలయ జట్టు, తర్వాత దక్షిణ మండలం, ఆపైన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. వీటిని భారత విశ్వవిద్యాలయాల సంఘం నడిపిస్తుంది. 1925లో అంతర్ విశ్వవిద్యాలయ బోర్డుగా పుట్టిన సంస్థ అది. అక్కడికి చేరిన ఆటగాడి ప్రయాణం, బత్తా, కిట్ విశ్వవిద్యాలయ క్రీడా నిధి చూసుకుంటుంది. మన 500 మంది కట్టిన సగం వాటా వెళ్ళేది ఆ నిధికే. అంటే ఏనాడూ మైదానం తొక్కనివాడి డబ్బు కూడా ఆ ట్రాక్ సూట్‌లో ఉంది.

ఈ దారిలో ఒక వసతి మూతపడింది. మా కాలంలో జాతీయ స్థాయి పోటీలకు వెళ్ళేవారికి స్లీపర్ తరగతిలో 75 శాతం రైలు రాయితీ ఉండేది. కోవిడ్ సమయంలో, 2020 మార్చి 20 నుంచి, విద్యార్థులు, రోగులు, దివ్యాంగుల రాయితీలు తప్ప మిగతావన్నీ ఆపినప్పుడు క్రీడాకారులదీ ఆగింది. 2022లో కూడా దానిని తిరిగి ఇవ్వలేదు. అదే 2020లో భువనేశ్వర్‌లో ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు మొదలయ్యాయి. ఖేలో ఇండియాకు ఎంపికైన క్రీడాకారునికి ఏడాదికి రూ. 6.28 లక్షల విలువైన సాయం ఉంటుంది, అందులో నెలకు పదివేలు చేతి ఖర్చులకు. ఆ కొద్దిమంది సంగతి వేరు. అక్కడికి చేరేలోపలి మెట్లు ఎక్కడమే మనవాళ్ళకు కష్టం.

మెస్ పళ్ళెం

మూడో ఖాతా మన హాస్టల్లోనే ఉంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం మెస్ చార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పి.జి. దాకా నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. రోజుకు 70 రూపాయలు, అందులో మూడు పూటలు గడవాలి. పై లెక్కలో కళాశాల ఒక్క మధ్యాహ్న భోజనానికి 120 వేసుకున్నామని గుర్తుంచుకోండి.

ఆటలు ఆడేవారికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. 60 కిలోల కుర్రవాడికి తక్కువలో తక్కువ 72 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. పొద్దున్నే అయిదున్నరకు ఉస్మానియా మైదానానికి వెళ్ళి, తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ మీదుగా బస్సు మారి వచ్చేసరికి టిఫిన్ డేగిసా ఖాళీ. అలా ఖాళీ కడుపుతో క్లాసుకు వెళ్ళిన రోజులు నాకు లెక్కలేవు. మా గదిలో ఒక ఏర్పాటు చేసుకున్నాము. రాత్రి శనగలు నానబెట్టేవాళ్ళం, ఒక డబ్బాలో పల్లీలు ఉండేవి. వంద గ్రాముల పల్లీల్లో పాతిక గ్రాముల మాంసకృత్తులుంటాయి, అంత చవకైనది మరొకటి లేదు. ఆటగాడి పళ్ళెం తీసి మూతపెట్టి ఉంచమని వార్డెన్ గారికి రాసిచ్చాము. ఆయన ఒప్పుకున్నారు. దానికి ప్రభుత్వానికి పైసా ఖర్చు కాలేదు.

గురుకులాలతో పోలిస్తే మన ఇబ్బంది ఏమిటో తెలుస్తుంది. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో 5,712 పాయింట్లతో కాంస్యం గెలిచిన అగసర నందిని మన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినే. ఆ అమ్మాయి పట్టుదలను, కోచ్ నాగపురి రమేష్ గారి శ్రమను తక్కువ చేయడం లేదు. కానీ గురుకులంలో బడి, భోజనం, మైదానం ఒకే సంస్థ కింద ఉంటాయి. మనకు ఫీజు కళాశాలలో, జట్టు విశ్వవిద్యాలయంలో, అన్నం సంక్షేమ శాఖలో. ఒక ఖాతా చూసేవారికి మిగతా రెండూ కనబడవు. ఆ కాగితాలు ఒకచోటి నుంచి ఇంకొకచోటికి మోయవలసింది ఆటగాడే.

అందులో అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం హాజరుది. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు ఉండాలి. పోటీలకు వెళ్ళిన తొమ్మిది, పది రోజులు గైరుహాజరుగా పడితే పతకం తెచ్చినవాడి స్కాలర్‌షిప్పే చిక్కుల్లో పడుతుంది. వెళ్ళే ముందే పి.డి. గారితో తేదీలు రాయించి, ప్రిన్సిపాల్ గారి సంతకంతో రెండు ప్రతులు తీసుకోండి. ఒకటి హాజరు చూసే సెక్షన్‌కు, ఒకటి వార్డెన్ గారికి. తిరిగి రాగానే పాల్గొన్న సర్టిఫికెట్ జిరాక్స్ రెండింటికీ జత చేయండి. ఆ సర్టిఫికెట్లు లామినేషన్ చేయించవద్దు, క్రీడా కోటా పరిశీలనలో అసలు కాగితం, దాని సంతకాలు, ముద్రలు చూస్తారు. ఇంజినీరింగ్ ప్రవేశాల్లో ఆ కోటా 0.5 శాతమే అయినా, ఉద్యోగాల నోటిఫికేషన్లలో కూడా ఆ కాగితం అడుగుతారు.

ఇక జెర్సీల సంగతి. ఫీజు రసీదులో గేమ్స్ లేదా స్పెషల్ ఫీజు అని ఉందేమో ముందు చూడండి. ఉంటే, ఆ నిధి నుంచి జట్టుకు ఇప్పించమని కెప్టెన్ పేరున ప్రిన్సిపాల్ గారికి దరఖాస్తు రాయండి. కావలసినవి, ధరలు, పోటీ తేదీలు అందులో ఉండాలి. పి.డి. గారి ద్వారానే పంపండి, ఆయనను దాటి వెళితే పని చెడుతుంది. చాలా చోట్ల ఆయన రెండు మూడు కళాశాలలకు తిరిగే మనిషి, ఆయన కష్టం ఆయనది. ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలల్లో ఎంత అడిగినా జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. గేమ్స్ ఫీజు ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది అని ఒక్క ప్రశ్న చాలు. అది చివరి మెట్టు, మొదటిది కాదు. దరఖాస్తు విద్యా సంవత్సరం మొదట్లోనే ఇవ్వాలి. జట్ల ఎంట్రీలు వెళ్ళిన తర్వాత ఇస్తే డబ్బు అప్పటికే క్రికెట్ సంచిలో ఉంటుంది.